గ్యాస్ ధర సాయంత్రానికల్లా ఎందుకు పెరుగుతుంది, స్టేషన్లు ఖాళీ అయితే ఎలా నెట్టుకురావాలి

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఇక్కడ అమెరికాలో గ్యాస్ అంటే పెట్రోలు, వంటగ్యాస్ కాదు. ముడి చమురు ధర పెరిగిందని ఉదయం వార్తల్లో వస్తే సాయంత్రానికే వీధి చివరి గ్యాస్ స్టేషన్ బోర్డు మీద అంకె ఎందుకు మారుతుంది, భూమి లోపలి ట్యాంకులో ఉన్నది పాత ధరకు కొన్న సరుకే కదా అన్నది మొదటిది. సరఫరా నిలిచిపోయి స్టేషన్లు మూతపడితే, అడుగు తీసి అడుగు వేయడానికి కూడా కారు కావలసిన అమెరికా శివారుల్లో మనలాంటి వాళ్ళు ఏం చేయాలన్నది రెండోది. నేను ఉత్తర కరోలినాలోని షార్లెట్ శివారులో చాలాకాలంగా గ్యాస్ స్టేషన్ నడుపుతున్నాను. అంతకు ముందు ఇంధనాన్ని టోకుగా పంపిణీ చేసే చోట పనిచేశాను. కాబట్టి కౌంటరుకు ఇవతలి వైపు నుంచి చూస్తే కనబడేది వివరంగా రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట. ధర పెరగడం వేరు, సరుకు దొరకకపోవడం వేరు. మొదటిది మన ప్రమేయం లేకుండా పైనుంచి వస్తుంది. రెండోదానిలో చాలా భాగం మన కార్ల ట్యాంకుల వల్లనే వస్తుంది.

ధర సంగతి చూద్దాం. ఒక ట్యాంకరు లారీ సుమారు 8,500 గ్యాలన్లు తెస్తుంది. ఓ మోస్తరు స్టేషన్ రోజుకు మూడు నాలుగు వేల గ్యాలన్లు అమ్ముతుంది గనుక రెండు మూడు రోజులకొక లోడు దిగుతూ ఉండాలి. ట్యాంకర్లు నింపుకునే టెర్మినల్ దగ్గరి టోకు ధరను మేము ర్యాక్ ధర అంటాము. అది సాధారణంగా సాయంత్రం ఆరు గంటలకు మారుతుంది, గందరగోళం రోజుల్లో ఒకే రోజు రెండు మూడు సార్లు కూడా మారుతుంది. పోయిన లోడు పన్నులతో కలిపి గ్యాలను 2.60 డాలర్లకు వచ్చిందనుకోండి, దానికి 22,100 డాలర్లు కట్టాను. ఎల్లుండి రావలసిన లోడు 2.90 అయితే 24,650 కట్టాలి. తేడా 2,550 డాలర్లు. పాత సరుకును పాత ధరకే అమ్మి గ్యాలనుకు 25 సెంట్లు మిగుల్చుకున్నా నా చేతికి వచ్చేది 2,125 డాలర్లే, అందులోంచి జీతాలు, కరెంటు, క్రెడిట్ కార్డు కంపెనీల వాటా ఇంకా తీయనే లేదు. లోడు దిగిన కొద్ది రోజుల్లోనే సరఫరాదారు మా బ్యాంకు ఖాతాలోంచి సొమ్ము లాగేసుకుంటాడు. బంగారం ధర పెరిగిన రోజున నగల దుకాణదారు అద్దాల బీరువాలోని పాత గొలుసును పోయిన నెల ధరకు అమ్మనట్టే, మేమూ అమ్మిన సరుకు స్థానంలో కొత్తది తెచ్చుకోవడానికి ఎంత అవుతుందో దాన్ని బట్టే ధర పెడతాము.

మరి ర్యాక్ ధర తగ్గినప్పుడు బోర్డు మీద అంత చురుకుగా ఎందుకు తగ్గదని మీరు తప్పక అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. పెరిగేటప్పుడు మా లాభం నలిగిపోతుంది, తగ్గేటప్పుడు కొన్నాళ్ళు ఆగి ఆ పోయినదాన్ని రాబట్టుకుంటాము. రోడ్డుకు అటువైపు స్టేషన్ వాడు దించే దాకా ఎవరూ ముందు దించరు. ఇందులో వ్యాపారి స్వార్థం లేదని నేను అనను. కాకపోతే గ్యాస్ మీద మాకు మిగిలేది ఎప్పుడూ స్వల్పమే, స్టేషన్ నిలబడేది లోపలి దుకాణంలో అమ్మే కాఫీ, సిగరెట్లు, చల్లని పానీయాల మీద. ధర ఎక్కువైన నెలల్లో జనం పంపు దగ్గరే కార్డు గీకి వెళ్ళిపోతారు, లోపలికి రారు. పైగా కార్డు రుసుము శాతం లెక్కన పడుతుంది గనుక ధరతో పాటు అదీ పెరుగుతుంది. కాబట్టి నాలుగు డాలర్ల గ్యాస్ అంటే స్టేషన్ యజమానికి పండుగ అనుకోవడం పొరపాటు.

టోకు ధర ఎందుకు ఎగబాకుతుందంటే, అన్నిటికంటే పెద్ద కారణం ముడి చమురే. ఒక పీపాలో 42 గ్యాలన్లు ఉంటాయి. పీపా ధర పది డాలర్లు పెరిగితే గ్యాలను మీద దాదాపు 24 సెంట్లు పడుతుంది. 2022 ఫిబ్రవరి 24న రష్యా యుక్రెయిన్ మీద దాడి మొదలుపెట్టాక చమురు ధర మండిపోయి, ఆ జూన్ నెల మధ్యలో అమెరికా సగటు ధర గ్యాలనుకు ఐదు డాలర్లు దాటింది. ఇక్కడ హెచ్చుతగ్గులు కంటికి ఇంత కొట్టొచ్చినట్టు కనిపించడానికి పన్నులు తక్కువగా ఉండటం కూడా ఒక కారణం. ఫెడరల్ పన్ను గ్యాలనుకు 18.4 సెంట్లు, 1993 నుంచి అది మారలేదు. దాని మీద రాష్ట్రం పన్ను ఉంటుంది. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ ఒక్కటే 35.20 శాతం, కేంద్రం వేసే ఎక్సైజు సుంకం దానికి అదనం. అక్కడ ప్రభుత్వరంగ కంపెనీలు ధరను తొక్కిపట్టి ఉంచగలవు కూడా. 2022 మే నెల నుంచి 2024 మార్చి దాకా హైదరాబాదులో లీటరు 109.66 రూపాయల దగ్గరే కదలకుండా ఉండిపోయింది. అదే కాలంలో ఇక్కడి ధర ఐదు డాలర్లు దాటి, మళ్ళీ మూడు డాలర్ల చిల్లరకు దిగింది.

చమురు ధర నిలకడగా ఉన్నా గ్యాస్ ధర పెరగడం మరో రకం. ఇది శుద్ధి కర్మాగారాల వల్ల వస్తుంది. కాలిఫోర్నియాలో ఉంటున్న మనవాళ్ళకు ఇది బాగా అనుభవం. ఆ రాష్ట్రం కాలుష్యం తగ్గించడానికి తనకంటూ ప్రత్యేకమైన మిశ్రమాన్ని వాడుతుంది, అమెరికా దక్షిణాన టెక్సాస్, లూసియానాల వైపున్న గల్ఫ్ తీరం నుంచి అక్కడికి గ్యాస్ తెచ్చే పైప్‌లైన్ లేదు. అందువల్ల 2015 ఫిబ్రవరి 18న లాస్ ఏంజెలెస్ దగ్గరి టొరెన్స్ కర్మాగారంలో పేలుడు జరిగినప్పుడు చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి సరుకు తెచ్చి లోటు పూడ్చుకునే వీలు లేకపోయింది, ధర చూస్తుండగానే పెరిగింది. ప్రతి ఏటా వసంతంలో వచ్చే పెరుగుదల మరీ మామూలు వ్యవహారం. చలికాలపు గ్యాస్‌లో చౌకగా దొరికే, తేలికగా ఆవిరయ్యే బ్యూటేన్ ఎక్కువగా కలుపుతారు. ఎండాకాలంలో అది ఆవిరై గాలిని పాడుచేస్తుంది గనుక జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు స్టేషన్లలో తక్కువగా ఆవిరయ్యే రకమే అమ్మాలి. ఆ మార్పు కోసం కర్మాగారాలు మార్చి, ఏప్రిల్ నెలల్లోనే మరమ్మతులకు ఆగుతాయి, పాత నిల్వలు ఖాళీ చేసుకుంటాయి. అదే సమయంలో జనం సెలవుల ప్రయాణాలకు సిద్ధమవుతుంటారు.

ఇక కొరత. దీన్ని 2021 మే నెలలో జరిగినదాన్ని ఆధారం చేసుకుని చెబుతాను, ఎందుకంటే మా షార్లెట్ అందులో నిలువునా మునిగింది. హ్యూస్టన్ నుంచి న్యూజెర్సీ దాకా 5,500 మైళ్ళు సాగే కలోనియల్ పైప్‌లైన్ తూర్పు తీరానికి కావలసిన ఇంధనంలో సుమారు 45 శాతం మోస్తుంది. మే 7న హ్యాకర్లు ఆ సంస్థ కార్యాలయ కంప్యూటర్లను స్తంభింపజేశారు. పైపుకు ఏమీ కాలేదు, కానీ ముప్పు అక్కడికీ పాకుతుందేమోనని సంస్థే పైప్‌లైన్‌ను ఆపేసింది. 75 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి విలువ ప్రకారం సుమారు 44 లక్షల డాలర్లు, హ్యాకర్లకు విమోచన సొమ్ముగా చెల్లించింది. మే 12 సాయంత్రం తిరిగి నడపడం మొదలుపెట్టింది. అంటే పైపు ఆగింది ఐదారు రోజులే. టెర్మినళ్ళలోని పెద్ద ట్యాంకుల్లో అప్పటికి కొన్ని రోజులకు సరిపడా సరుకు ఉంది. అయినా షార్లెట్ ప్రాంతంలో పది స్టేషన్లలో దాదాపు ఏడు ఎండిపోయాయి. గమనించండి, ఆ వారంలో దేశ సగటు ధర గ్యాలనుకు పది సెంట్లు కూడా పెరగలేదు.

అలా ఎందుకు జరిగిందో లెక్క వేస్తే సులభంగా తెలుస్తుంది. ఒక నగరంలో పది లక్షల కార్లున్నాయనుకోండి, ఒక్కో దాని ట్యాంకు 14 గ్యాలన్లు. ఏ రోజు చూసినా సగటున అవి సగం నిండి ఉంటాయి. వార్త వినగానే అందరూ ఒకటి రెండు రోజుల్లో నిండుగా పోయించుకుంటే, ఒక్క మైలు కూడా అదనంగా నడపకుండానే 70 లక్షల గ్యాలన్లు స్టేషన్ల నుంచి కార్లలోకి వెళ్ళిపోతాయి. ఇది 800కు పైగా ట్యాంకర్ల సరుకు. ఆ ట్యాంకర్లు లేవు, ఉన్నా నడిపేవాళ్ళు లేరు. ప్రమాదకర సరుకు మోయడానికి ప్రత్యేక అనుమతి ఉన్న డ్రైవర్లు అప్పటికే కరువు, పైగా ఒక డ్రైవరు రోజుకు 11 గంటలకు మించి నడపకూడదన్న నిబంధన ఉంది. ఆ నిబంధనను కేంద్ర ప్రభుత్వం 17 రాష్ట్రాల్లో తాత్కాలికంగా సడలించింది. పైపు మళ్ళీ నడిచినా అందులో గ్యాస్ కదిలేది గంటకు మూడు నుంచి ఐదు మైళ్ళ వేగంతో, మనిషి నడకతో సమానంగా. హ్యూస్టన్‌లో ఎక్కించినది న్యూయార్క్ రేవుకు చేరడానికి సుమారు 18 రోజులు పడుతుంది. అందువల్ల పైపు తెరుచుకుందని టీవీలో చెప్పిన మర్నాడే స్టేషన్లు నిండవు.

ఆ రోజుల్లో మా స్టేషన్ లోపల కనిపించిన దృశ్యం వేరు. భూగర్భ ట్యాంకుల్లో ఎన్ని అంగుళాల సరుకు మిగిలిందో చూపే చిన్న తెర కౌంటరు వెనుక గోడకు ఉంటుంది. మామూలు రోజున దాన్ని పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చూస్తాము. ఆ వారం కళ్ళు దాని మీదే ఉండేవి. ట్యాంకు అడుగంటే దాకా తోడకూడదు, అడుగున చేరిన నీరు, మడ్డి వాహనాల్లోకి పోతాయి. కాబట్టి తెర మీద కొన్ని అంగుళాలు చూపిస్తున్నప్పుడే నాజిళ్ళకు పసుపు సంచులు తొడిగేయాలి. లోపల ఉంచుకుని అమ్మడం లేదని తిట్టిపోసిన వారికి ఆ కొద్ది అంగుళాలు ఎందుకో వివరించే ఓపిక నాకు సగం రోజుకే నశించింది. మరొకటి, ఇక్కడ గ్యాస్ మామూలుది (రెగ్యులర్), మధ్యరకం, ఖరీదైనది (ప్రీమియం) అని మూడు రకాలు. మధ్యరకానికి చాలా స్టేషన్లలో వేరే ట్యాంకు ఉండదు. రెగ్యులర్, ప్రీమియం రెండింటినీ పంపులోనే కలిపి ఇస్తాము. అందువల్ల రెగ్యులర్ అయిపోగానే మధ్యరకం కూడా ఆగిపోతుంది, చివరి దాకా మిగిలేది ప్రీమియమే. ఈ వివరం గుర్తుంచుకోండి, కింద అవసరపడుతుంది.

కొరతలన్నీ ఒక్క తీరున ఉండవు. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను న్యూజెర్సీ తీరాన్ని తాకినప్పుడు ఎడిసన్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళు పడిన ఇబ్బంది ఇంకోరకం. ఎన్నో స్టేషన్ల ట్యాంకుల్లో గ్యాస్ ఉంది, పైకి తోడే మోటారుకు కరెంటు లేదు. నవంబరు 3 నుంచి 12 కౌంటీల్లో నంబరు ప్లేటు చివరి అంకెను బట్టి సరి, బేసి రోజుల పద్ధతి పెట్టారు. ఆ తరువాత న్యూయార్క్ రాష్ట్రం ముఖ్య రహదారుల దగ్గరి స్టేషన్లు జనరేటరు తగిలించుకునే ఏర్పాటు చేసుకోవాలని చట్టం చేసింది. 2017 ఆగస్టు చివర హార్వీ తుపాను హ్యూస్టన్‌ను ముంచినప్పుడు డాలస్‌లో వాన కష్టమే లేదు. సరఫరా కొంత తగ్గిన మాట నిజమే గాని, స్టేషన్లను ఊడ్చేసింది మాత్రం ఫోన్లలో తిరిగిన క్యూల ఫొటోలు. హైదరాబాదు కూడా 2024 జనవరి 2న ఇదే చూసింది. కొత్త న్యాయ సంహితలోని హిట్ అండ్ రన్ శిక్షకు వ్యతిరేకంగా లారీ డ్రైవర్లు సమ్మె కట్టారని తెలియగానే బంకుల దగ్గర కిలోమీటరు వరుసలు కట్టాయి, చంచల్‌గూడలో ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి ఆర్డరు అందించడానికి వెళ్ళాడు. ఆ రాత్రే చర్చలు కుదిరాయి. లీటరు ధరలో పైసా మార్పు లేదు.

ధరను కట్టేస్తే కొరత పోతుందని కొందరంటారు. అమెరికా దాన్ని చేసి చూసింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఎగుమతి నిలిపివేసినప్పుడు ఇక్కడ ప్రభుత్వ ధరల నియంత్రణ అమల్లో ఉంది, దానికి తోడు ఏ ప్రాంతానికి ఎంత సరుకు పోవాలో కూడా చట్టమే నిర్ణయించింది. ఫలితంగా కొన్ని పల్లె స్టేషన్లలో సరుకు మిగిలింది, నగరాల్లో తెల్లవారకముందే వరుసలు మొదలయ్యాయి. సరుకు ఉంటే పచ్చజెండా, లేకపోతే ఎర్రజెండా కట్టేవారు. గంటకు 55 మైళ్ళ వేగ పరిమితి పుట్టింది కూడా అప్పుడే, 1974 జనవరిలో. 1979లో ఇరాన్ విప్లవం తరువాత అదే కథ మళ్ళీ నడిచింది. నియంత్రణను 1981 జనవరిలో రేగన్ పూర్తిగా ఎత్తివేశారు. అయితే అత్యవసర పరిస్థితి ప్రకటించిన రాష్ట్రంలో అడ్డగోలుగా ధర పెంచడం మా రాష్ట్రంలోనే కాదు, చాలా చోట్ల చట్టవిరుద్ధం. వ్యాపారిగా నాకు ఈ చట్టం మీద రెండు మనసులున్నాయి. ధర కాస్త పెరిగితే ముప్పాతిక ట్యాంకుతో వచ్చేవాడు ఆగుతాడు, దూరం నుంచి లోడు తెప్పించుకునే ఖర్చూ గిట్టుబాటు అవుతుంది. కాని రాత్రి డ్యూటీకి పోవలసిన నర్సు ఆ ధర కట్టలేదు. నా మటుకు నేను మనిషికి ఇన్ని గ్యాలన్లే అని పరిమితి పెట్టడమే మేలనుకుంటాను. దానివల్ల తగాదాలు వస్తాయి, అయినా ఎక్కువ మందికి అందుతుంది.

మీరు చేయదగినది ఇక్కడి నుంచి రాస్తాను. అన్నిటికంటే ముఖ్యమైన పని కొరత రాకముందే జరగాలి. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపాన్ల కాలం. గల్ఫ్ తీరం, ఆగ్నేయ రాష్ట్రాల్లో ఉన్నవారు ఆ ఆరు నెలలూ ట్యాంకు సగానికి దిగగానే నింపుకోవడం అలవాటు చేసుకుంటే, వార్త వచ్చిన రోజు పరుగెత్తవలసిన పని ఉండదు. 2005 సెప్టెంబరులో రీటా తుపానుకు భయపడి హ్యూస్టన్ ప్రాంతం నుంచి 25 లక్షల మంది దాకా ఒకేసారి బయలుదేరినప్పుడు, అంగుళం అంగుళం కదిలిన రహదారి మీద గ్యాస్ అయిపోయి ఆగిన కార్లే మరింత అడ్డమయ్యాయి. ఖాళీ చేయమన్న తరువాత నింపుకుందామనుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

కొరత వచ్చేశాక, ట్యాంకులో సగం పైగా ఉంటే క్యూలో నిలబడకండి. ఇంజన్ ఆపకుండా నిలబెడితే గంటకు పావు నుంచి అర గ్యాలను తాగుతుంది. గంట నిలబడి, మనిషికి ఐదు గ్యాలన్లే అని బోర్డు ఉంటే, అందులో పదో వంతు దాకా వరుసలోనే కాలిపోయినట్టు. తప్పనిసరైతే ఇంజన్ ఆపి, ముందు కారు కదిలినప్పుడే వేసుకోండి. ట్యాంకర్లు ఎక్కువగా రాత్రిపూట దిగుతాయి గనుక తెల్లవారుజామున వెళ్ళడం మంచిది. పెద్ద బ్రాండ్ల స్టేషన్లకు ఒప్పందం ప్రకారం కోటా ఉంటుంది, బ్రాండు లేనివాళ్ళకు టెర్మినల్‌లో మిగిలితేనే దక్కుతుంది, కాబట్టి ముందుగా బ్రాండు స్టేషన్లను చూడండి. గ్యాస్‌బడ్డీ లాంటి యాప్‌లో ఎక్కడ ఉందో జనమే నమోదు చేస్తారు, అది కొన్ని గంటల పాతదై ఉండవచ్చు. వెళ్ళేముందు ఒక ఫోన్ చేస్తే మేము చెబుతాము, చెప్పడానికి మాకు అభ్యంతరం ఉండదు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫొటో ఏ ఊరిదో, ఏ రోజుదో చూడకుండా ఇంకొకరికి పంపకండి.

ప్రీమియం మాత్రమే మిగిలితే నిశ్చింతగా పోయించుకోండి. రెగ్యులర్ కారుకు దానివల్ల హాని లేదు, జేబుకే నొప్పి. దానికి విరుద్ధంగా, ప్రీమియం తప్పనిసరి అని మూత మీద రాసి ఉన్న కారులో రెగ్యులర్ పోయవలసి వస్తే కొద్దిగా పోసుకుని, వేగం, భారం తగ్గించి నడపండి. సిఫారసు అని మాత్రమే రాసి ఉంటే భయం లేదు. పసుపు మూత, లేదా ఫ్లెక్స్ ఫ్యూయల్ అన్న గుర్తు లేని కారులో మాత్రం ఈ85 (ఇథనాల్ చాలా ఎక్కువగా కలిపిన ఇంధనం) పోయకండి. సూచిక దీపం వెలిగాక కూడా చాలా దూరం పోవచ్చని స్నేహితులు చెబుతారు, నిజమే. కాని ట్యాంకులో మునిగి ఉండే పంపును చల్లబరిచేది ఆ గ్యాసే, తరచూ అడుగంటిస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది.

ఉన్నదాన్ని పొదుపుగా నడపడం గురించి అందరికీ తెలిసినదే. 50 మైళ్ళు దాటిన కొద్దీ మైలేజీ వేగంగా పడిపోతుంది, 75లో వెళ్ళేవారు 60కి దిగితే తేడా ఆ వారంలోనే కనిపిస్తుంది. టైర్లలో గాలి సరిచూసుకోండి, కారు పైకప్పు మీది సామాను పెట్టె తీసేయండి. ఇంతకంటే ఎక్కువ ఫలితమిచ్చేది ప్రయాణాలే తగ్గించుకోవడం. ఇంటినుంచి పనిచేస్తానని మేనేజరుకు ఒక మెయిల్ రాయండి, గుడికి, పిల్లల సంగీతం క్లాసుకు పక్కింటివాళ్ళతో కలిసి ఒకే కారులో వెళ్ళండి, ఇండియన్ స్టోరుకు ప్రత్యేకంగా వెళ్ళకుండా దారిలో ఉన్నప్పుడే ముగించుకోండి.

డబ్బాల్లో నిల్వ చేయడం మంచిదా అన్న సందేహం కూడా వస్తుంది. జనరేటరు కోసం ఒకటి రెండు ఐదు గ్యాలన్ల డబ్బాలు ఉంచుకోవడంలో తప్పు లేదు, అంతకు మించి వద్దు. 2021లో ప్లాస్టిక్ సంచుల్లో గ్యాస్ నింపవద్దని ప్రభుత్వ భద్రతా సంస్థ బహిరంగంగా హెచ్చరించవలసి వచ్చింది. డబ్బా గ్యాసోలిన్ కోసం తయారైన ఎర్రదే అయి ఉండాలి. నింపేటప్పుడు కారు డిక్కీలోనో, పికప్ ట్రక్కు వెనుక తొట్టిలో పరిచిన ప్లాస్టిక్ పొర మీదనో ఉంచకుండా నేల మీద పెట్టి, నాజిల్‌ను డబ్బా అంచుకు ఆనించి నెమ్మదిగా పోయాలి, లేకపోతే స్థిర విద్యుత్తు నిప్పురవ్వ పుట్టిస్తుంది. వేడికి వ్యాకోచిస్తుంది గనుక పైన కాస్త ఖాళీ వదలాలి. మీ గరాజులో వాటర్ హీటరు సహజవాయువు మంటతో పనిచేసేదైతే డబ్బాను అక్కడ పెట్టకండి, ఆవిరి నేలబారుగా పాకి ఆ మంటను చేరుతుంది. ఇంటికి ఎడంగా ఉన్న షెడ్డులో, నీడన ఉంచి, మూడు నాలుగు నెలలకొకసారి దాన్ని కారులో పోసేసి కొత్తది నింపుకోండి.